నలభై ఒకటో ప్రశ్న

బడికి వేసవి సెలవులిచ్చిన రోజు హెడ్మాస్టరు నన్ను తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, నేను కూర్చున్నాక తలుపు దగ్గరగా వేశాడు. మంచి కబురైతే ఆయన తలుపు వేయడు.

"చెయ్యి ఎలా ఉంది టీచర్‌గారూ?"

"అలాగే ఉందండీ."

"మళ్లీ బడి తెరిచేసరికి బోర్డు మీద రాయగలిగితే చాలు. లేదంటే లైబ్రరీ ఖాళీగానే ఉంది. అక్కడ రాసే పనేమీ ఉండదు. ఫ్యాను కూడా కొత్తది వేయించాం."

ఫ్యాను సంగతి నన్ను ఓదార్చడానికే చెప్పాడు. ఇరవై ఆరేళ్లు బోర్డు ముందు నిలబడ్డ మనిషిని అలమారాల మధ్య కూర్చోబెట్టాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరేననేదాన్ని.

నా కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ల దాకా మొద్దుబారి అప్పటికి నాలుగు నెలలు. సుద్దముక్క పట్టుకుంటే పట్టుకున్నట్టు ఉండేది కాదు. రాస్తూ రాస్తుండగానే జారి కింద పడేది. ముందుబెంచీ పిల్లలు తీసి ఇచ్చేవాళ్లు. కొన్నాళ్లకు ఏ రోజు ఎవరి వంతో వాళ్లలో వాళ్లే పంచుకున్నారు. నరాల డాక్టరు సూదులు గుచ్చి, కరెంటు పెట్టి చూసి, నరాలు నిక్షేపంగా ఉన్నాయన్నాడు.

మా ఆయన పోయి కూడా అప్పటికి నాలుగు నెలలే. ఆ రెండు సంగతుల్నీ ఎవరూ ఒక వాక్యంలో పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

"సెలవులన్నాళ్లూ నా దగ్గరే ఉండు. చెయ్యి సంగతి నేను చూస్తాను," అంది చెల్లెలు ఫోనులో. దానికీ సరేనన్నాను.

చెల్లెలు ప్రకృతి వైద్యురాలు. మాత్రలు, సూదులు ఉండవు. మట్టి, నీళ్లు, ఆవిరి, ఉపవాసం, ఇవే దాని మందులు. చిన్నప్పుడు దానికి ఉబ్బసం. పిల్లిపిల్లలా గురగురమంటూ ఉండేది. ఒక ముసలి ప్రకృతి వైద్యుడి దగ్గర వదిలిపెడితే ఏడాదిలో గుర్రప్పిల్లలా తిరిగొచ్చింది. పైచదువుల వయసు రాగానే ఆయన దగ్గరికే శిష్యురాలిగా వెళ్లింది. ఆయన దానికి నేర్పిన మొదటి మాట ఇది: "మనిషి అబద్ధం చెబుతాడు, ఒళ్లు చెప్పదు. నువ్వు ఒంటినే అడుగు."

చెల్లెలి వైద్యశాల ఒక పాత ఇల్లు. ముందుగదిలో బల్ల, రెండు కుర్చీలు. మధ్యగదిలో తల మాత్రం బయటికి కనబడే ఆవిరి పెట్టె. వెనకగదిలో తొట్లు, మట్టి నానబెట్టిన పీపా. ఆ గది గోడకు గురువుగారు తన చేత్తో రాసిచ్చిన చెక్కబోర్డు: "ఇక్కడ జబ్బుల గురించి, బాధల గురించి మాట్లాడరాదు."

నేను వెళ్లిన రోజే చెల్లెలు నాలుగు పేజీల కాగితం చేతికిచ్చింది. అందులో నలభై ప్రశ్నలు.

"నాకెందుకే? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు కదా."

"అక్కవైనా కాగితం కాగితమే. నింపు."

ఎడమచేత్తో నింపాను. నిద్ర ఎన్ని గంటలు? చెమట ఎక్కడ ఎక్కువ పడుతుంది? దాహం ఎలా ఉంటుంది? బాధ ఎంత కాలంగా ఉంది? నాలుగు నెలలు. ఏ వేళలో ఎక్కువ? ఒకేలా ఉంటుంది. అడిగినదానికే జవాబు రాయండి, అడగనిది రాస్తే మార్కులు రావు అని ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు చెప్పినదాన్ని. అలాగే రాశాను. నలభై ప్రశ్నల్లో మా ఆయన ఎక్కడా లేడు.

చెల్లెలు మెడలో తాడుకు వేలాడే కలం మొనతో ఒక్కో జవాబూ తాకుతూ చదివింది. "ఎంత శుభ్రంగా రాశావక్కా. ఇక్కడికొచ్చేవాళ్లు దాహం ఎలా ఉందని అడిగితే అత్తగారి కథ రాస్తారు," అంది. నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

*

పొద్దున ఆరింటికి చేతికి మట్టి పట్టీ. ఏడింటికి గంజి. తొమ్మిదింటికి చేతి స్నానం: బల్ల మీద రెండు బేసిన్లు, ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చల్లనీళ్లు. వేడిలో మూడు నిమిషాలు, చల్లటిదాంట్లో ఒక నిమిషం, అలా అయిదుసార్లు. పక్కన అలారం గడియారం. బడిగంటకు అలవాటుపడ్డ మనిషిని, ఆ పద్ధతి నాకు హాయిగా ఉండేది. ఏం చేయాలో కాగితం చెబుతుంది, ఎప్పుడు ఆపాలో గడియారం చెబుతుంది. మధ్యలో నా పనేమీ ఉండదు.

నీళ్ల పనంతా చూసే ఆవిడను అందరూ నీళ్లమ్మ అనేవాళ్లు. అసలు పేరు చెల్లెలికి కూడా గుర్తులేదు. ప్రతి బేసిన్లోనూ మోచెయ్యి ముంచి చూసి గానీ ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

"వేలు మోసం చేస్తుంది టీచరమ్మా, మోచెయ్యి చెయ్యదు," అనేది.

బోర్డు మీద ఏం రాసి ఉన్నా నీళ్లమ్మకు పట్టేది కాదు. తనకు చదువు రాదు కాబట్టి ఆ బోర్డు తన గురించి కాదని వాదించేది. ఆమెకు జోడీ ఒక టైలరు. బాన పొట్ట, అరగని తిండి. దర్జీ టేపు మెడలో వేసుకునే మట్టి పట్టీకి పడుకునేవాడు.

"ఆ టేపెందుకయ్యా, పొట్ట ఏ రోజుకారోజు కొలుచుకుంటావా?"

"అలవాటు నీళ్లమ్మా. అది లేకపోతే మెడ బోసిగా ఉంటుంది."

"నిన్న ఉపవాసమన్నావు. మీసం మీద బిస్కెట్టు పొడి ఎవరిది మరి?"

"గాలికి ఎగిరొచ్చి పడిందేమో."

"ఏ దుకాణం నుంచి ఎగిరిందో చెప్పు, నేనూ అటువైపు వెళ్లి నోరు తెరుచుకుని నిలబడతా."

చెల్లెలు వస్తే ఇద్దరూ కుక్కిన పేనుల్లా ఊరుకునేవాళ్లు.

రెండోవారం నన్ను మూడు రోజులు ఉపవాసం ఉంచింది. తేనె కలిపిన నిమ్మనీళ్లు తప్ప ఏమీ లేవు. రోజూ సాయంత్రం అడిగేది, "ఆకలేసిందా అక్కా?"

"లేదు."

"అసలు?"

"అసలు."

"చూశావా. ఒంటికి వద్దనిపిస్తే అదే చెబుతుంది," అని సంతోషంగా రాసుకునేది. నాకు నాలుగు నెలలుగా ఆకలి లేదని చెప్పలేదు. అది అడగలేదు. టైలరుకు నన్ను చూపించి, "పేషెంటంటే ఇలా ఉండాలి," అంది. ఆయన దండం పెట్టి, "టీచర్‌గారూ, మీ వల్ల మా బతుకులు బండలవుతున్నాయి," అన్నాడు.

ప్రతి శనివారం చెల్లెలు నా కళ్లు మూయించి ఒక్కో వేలినీ దూదితో, తర్వాత గుండుసూది మొనతో తాకేది.

"ఇప్పుడు?"

"తెలియడం లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

మూడు శనివారాలు అలాగే గడిచాయి. మూడోసారి అది సూది డబ్బాలో పెట్టి మూత చాలాసేపు నొక్కుతూ కూర్చుంది. బడి తెరవడానికి ఇంక ఇరవై రెండు రోజులు.

"మళ్లీ వారం చూద్దాం," అంది.

సరేనన్నాను.

*

ఆ తర్వాతి బుధవారం తొమ్మిది కావస్తుండగా నేను బేసిన్ల ముందు కూర్చున్నాను. నీళ్లమ్మ వేడినీళ్ల బేసిన్లో బాగా కాగిన నీళ్లు ఒంపి, చల్లటి చెంబు కోసం చెయ్యి చాచింది. అప్పుడే మధ్యగదిలో ఆవిరి పెట్టెలో కూర్చున్న టైలరు గొంతు, "కళ్లు తిరుగుతున్నాయి నీళ్లమ్మా," అని నీరసంగా వినిపించింది. చెంబు అందుకోకుండానే పరుగెత్తింది.

గడియారం ముల్లు తొమ్మిది మీదికి వచ్చింది. తొమ్మిదికి చెయ్యి పెట్టాలి. పెట్టాను.

నీళ్లమ్మ టైలర్ని పెట్టెలోంచి తీసి, కింద కూర్చోబెట్టి, మొహం మీద నీళ్లు చల్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముందుగది నుంచి చెల్లెలు పరుగున వచ్చి ఆయన నాడి చూసింది. ఏం ఫరవాలేదని చెప్పి, వెళుతూ వెళుతూ వెనకగదిలోకి తొంగిచూసింది.

నా చెయ్యి బేసిన్లో ఉంది. మణికట్టు దాకా కందగడ్డలా ఉంది. బేసిన్ మీంచి ఆవిరి లేస్తోంది.

అది అరవలేదు. రెండంగల్లో వచ్చి నా మోచెయ్యి పట్టుకుని చేతిని పైకి లాగి, చల్లటి బేసిన్లో ముంచింది. తన వేలు వేడినీళ్లలో పెట్టి చటుక్కున తీసేసింది.

"తెలియలేదా అక్కా?"

నేను గడియారం చూశాను. ఇంకా నిమిషం పైనే ఉంది.

"తెలిసింది," అన్నాను.

"కాలుతున్నట్టు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి తీయలేదేం?"

"మూడు నిమిషాలని రాశావు."

గుమ్మంలో నిలబడ్డ నీళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు వారాలుగా చెల్లెలు ఎదురుచూసిన జవాబు అది. చేతికి స్పర్శ ఉంది. వైద్యురాలు సంతోషించాల్సిన మాట. అది నా మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. మెడలోంచి కలం తీసింది, రాయడానికి కాగితం లేదు, మళ్లీ పెట్టుకుంది.

"నీళ్లమ్మా, ఆ తలుపు దగ్గరగా వెయ్యి. ఎవరైనా వస్తే కూర్చోమను," అంది. తర్వాత బకెట్టు బోర్లించి దాని మీద నా పక్కన కూర్చుంది. వైద్యశాలలో అది అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"శనివారాలు సూదితో గుచ్చినప్పుడు కూడా తెలిసేదా?"

"ఏదో తెలిసేది. అది నా చేతికో, ఇంకెవరి చేతికో తెలిసేది కాదు. అందుకని లేదన్నాను."

నీళ్లలో చెయ్యి మండుతోంది. ఆ మంట కూడా పక్కింట్లో జరుగుతున్నట్టుంది.

"ఆ రోజు ఏం జరిగింది?"

గోడ మీది బోర్డు వైపు చూశాను.

"దాన్ని చూడకు. నేను ఏమీ రాసుకోను," అంది.

ఎవరూ అడగలేదు కనక ఎవరికీ చెప్పలేదు. అడిగింది కనక చెప్పాను.

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి తిరిగి వస్తున్నాం. ఆయనకు కొత్త కళ్లద్దాలు రాశారు. బస్సులో కిటికీ పక్కన ఆయన, ఇటు నేను. ఒళ్లో నా సంచీ. సంచీ మీద నా కుడిచెయ్యి. ఆయన నా చేతి మీద తన చెయ్యి వేసి, తల నా భుజానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆయన ఎక్కడైనా నిద్రపోగలడు, నీకు తెలుసు కదా, నీ పెళ్లిచూపుల్లో కూడా నిద్రపోయాడు. కాసేపటికి చెయ్యి బరువెక్కింది. తిమ్మిరెక్కింది. తీద్దామనుకున్నాను. తీస్తే లేస్తాడని ఊరుకున్నాను. మన స్టాపు వచ్చేదాకా పడుకోనీ అనుకున్నాను. కండక్టరు టికెట్లు చూడ్డానికి వచ్చి ఆయన భుజం తట్టబోయాడు. నేను నోటి మీద వేలు పెట్టుకుని, వద్దని సైగ చేశాను. అతను తల ఊపి ముందుకు వెళ్లిపోయాడు.

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. పదకొండు స్టాపులు. మన స్టాపు వచ్చాక లేపాను."

చెల్లెలు నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఏ స్టాపు దగ్గరో తెలియదు. రోజూ లెక్క వేస్తాను. నాలుగో స్టాపు దగ్గర ఒకసారి దగ్గినట్టయింది. అప్పటికి ఉన్నాడు. కండక్టరు వచ్చింది ఏడో స్టాపు తర్వాత. అతను తట్టి ఉంటే, నేను చెయ్యి తీసి ఉంటే..."

వాక్యం పూర్తి చేయలేదు. పిల్లలైతే పూర్తి చేయమనేదాన్ని.

ఆ క్షణాన అది డాక్టరులా ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. నీ తప్పేమీ లేదంటుందనుకున్నాను. అందరూ అనే మాటే కదా. నీళ్లలోకి చూసి, "నాకు తెలియదక్కా," అంది. తర్వాత, "బావ పోయినప్పటి నుంచీ నిన్ను ఒక్క మాట అడగలేదు. నువ్వు ఏడుస్తావని కాదు. ఏడవకపోతే ఏం చేయాలో తెలియక. బోర్డు మంచి సాకు," అంది.

నేను ఏడవలేదు. అది ఏడిచింది, చప్పుడు లేకుండా, ముక్కు ఎగబీల్చుకుంటూ, చిన్నప్పటి ఉబ్బసంలా. నీళ్లమ్మ తలుపు తోసుకుని మట్టి పట్టీ తువ్వాలు తెచ్చి దాని చేతిలో పెట్టింది.

"తుడుచుకో డాక్టరమ్మా. ఉతికిందే."

*

చేతికి బొబ్బలెక్కాయి. చెల్లెలు తన వైద్యం పక్కనపెట్టి, వీధి చివర ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించింది. ఆ డాక్టరు మందు రాస్తూ, "మీరు మాత్రలు ఇవ్వరు కదా, మీ అక్కగారికి ఇవ్వమంటారా?" అని అడిగాడు. "ఇవ్వండి. నేనే వేయిస్తాను," అంది.

ఆ రోజు నుంచి చేతి స్నానం లేదు, గడియారం లేదు. రోజూ పొద్దున మట్టి తొక్కే పని నీళ్లమ్మతో పాటు నాకు అప్పజెప్పింది. ఎప్పుడు ఆపాలని అడిగితే, "అలిసిపోయినప్పుడు," అంది. నాకది చాలా కష్టమైన ప్రశ్నపత్రం. మొదటి రోజు ఎప్పుడు అలిసిపోయానో తెలియక గంటన్నర తొక్కాను. నాలుగో రోజు మధ్యలో ఆగి, "ఇంక చాలు," అన్నాను. "అబ్బ, నోరు విప్పింది తల్లి," అంది నీళ్లమ్మ. ఆ మధ్యాహ్నం ఆకలేసింది. రెండు గిన్నెల గంజి తాగాను. ఎవరూ ఏమీ రాసుకోలేదు.

చెల్లెలు పేషెంట్ల పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట టైలరు. "పొట్ట సంగతి తర్వాత. దుకాణం ఎలా ఉంది?" అని అడిగింది. ఆయన టేపు వేలికి చుట్టుతూ విప్పుతూ కాసేపు నీళ్లు నమిలాడు. దుకాణం మూసి ఏడాదయిందట. ఇంట్లో తెలియదట. పొద్దున్నే టేపు మెడలో వేసుకుని బయల్దేరి సాయంత్రం దాకా తిరుగుతాడట, దొరికినచోట దొరికింది తింటాడట. చెప్పడం పూర్తయ్యేసరికి గంట దాటింది.

నీళ్లమ్మ వచ్చి ఆయన పొట్ట మీద వేలితో కొట్టి చూసింది. "మట్టి ఎండి బండయింది డాక్టరమ్మా. తీయడానికి ఉలి తెమ్మంటారా?"

ముగ్గురూ నవ్వారు. పక్కగదిలోంచి విని నేనూ నవ్వాను. నవ్వినట్టు నాకు తెలిసింది.

గురువుగారి బోర్డును చెల్లెలు తనే దింపింది. పారేయడానికి మనసు రాలేదు. మర్నాడు చూస్తే నీళ్లమ్మ దాన్ని మట్టి పీపాకు మూతగా పెట్టింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు చెల్లెలు వారానికి రెండు రోజులు ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లి, శిష్యురాలిలా మూల కూర్చుని, ఎలా అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో నేర్చుకుంది. తన చేతిలో లేని రోగాన్ని ఆయన దగ్గరికి పంపేది. ఇప్పుడు దాన్ని మనసుకూ ఒంటికీ కలిపి వైద్యం చేసే డాక్టరని చెప్పుకుంటారు. ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, బకెట్టు మీద అంటుంది.

బడి తెరిచిన రోజు నేను క్లాసుకే వెళ్లాను. బోర్డు మీద తేదీ వేసేసరికి సుద్ద రెండుసార్లు జారింది. ముందుబెంచీ పిల్ల తీసి ఇస్తూ, "ఈ రోజు వంతు నాదే టీచర్," అంది. వంకరగా అయినా తేదీ పూర్తి చేశాను. గుమ్మంలోంచి చూసిన హెడ్మాస్టరు లైబ్రరీ మాట ఎత్తలేదు. చెయ్యి పూర్తిగా బాగైందని ఇప్పటికీ చెప్పలేను. సుద్ద అప్పుడప్పుడు పడుతూనే ఉంటుంది. పడినప్పుడు తెలుస్తుంది.

కానీ బడి తెరవడానికి ముందు రోజు సాయంత్రం సంగతి చెప్పాలి.

నేను పెట్టె సర్దుకుంటున్నాను. చెల్లెలు తన నలభై ప్రశ్నల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కింద కలంతో నలభై ఒకటి అని అంకె వేసి ఉంది.

"ఒకటి కలుపుదామనుకుంటున్నాను. 'మీ మనసు ఎలా ఉంది?' బాగుందా?"

"అది ప్రశ్న కాదు. బాగుందని రాసి ఇచ్చేస్తారు."

"'మీకేమైనా దిగులుందా?'"

"లేదని రాస్తారు. నేనూ అదే రాసేదాన్ని."

"మరి నువ్వే చెప్పు. ప్రశ్నపత్రాలు తయారుచేసే చెయ్యి నీది."

ఆలోచించాను. "జవాబు తెలిసిన ప్రశ్న అడగాలే. పిల్లవాడికి తెలిసిన దగ్గర మొదలుపెడితే, తెలియని దగ్గరికి వాడే నడిచొస్తాడు."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. కలం ఎడమచేతికి ఇవ్వబోయింది. కుడిచేత్తో అందుకున్నాను. కొత్త చర్మం గులాబీరంగులో పల్చగా ఉంది, కలం చల్లగా తగిలింది. రాశాను: 'ఈ బాధ మొదలైన రోజు మీ పక్కన ఎవరున్నారు?'

చెల్లెలు రెండుసార్లు చదువుకుంది. "జవాబుకు రెండు గీతలు చాలా?"

"చాలవు. పేజీ వదులు."

"పేజీ ఎవరు రాస్తారక్కా?"

"రాయరు. అయినా వదలాలి."

అది తెల్లకాగితం ఒకటి తెచ్చి దానికి పిన్ను కొట్టి మళ్లీ నా ముందే పెట్టింది. బయట నీళ్లమ్మ తొట్లు బోర్లిస్తోంది, ఒకటి తర్వాత ఒకటి.

'ఆయన' అని రాశాను. చాలాసేపు పట్టింది. ఒకటో తరగతి పిల్లలు దిద్దినట్టు వచ్చాయి అక్షరాలు. మిగతా పేజీ అలాగే వదిలేసి కాగితం చెల్లెలికిచ్చాను.